ముందు చక్రం బోల్టు

ఆ శుక్రవారం మధ్యాహ్నం యార్డులో టెస్టు బండి గుంతలో పడి లేచిన చప్పుడు ఎప్పటిలా లేదు. నేను క్వాలిటీ గదిలో కాగితాల మీద సంతకాలు పెడుతున్నాను. తల ఎత్తి చూసేసరికి మా చిన్న కారు కుడి ముందు చక్రం బయటికి వాలిపోయి, బండి ఒక పక్కకు ఒరిగి ఆగి ఉంది. నడుపుతున్న ఆయన దిగి, వంగి కిందికి చూసి, నా కిటికీ వైపు చెయ్యి ఊపాడు.

పరుగెత్తుకుంటూ వెళ్లాను. చక్రాన్ని బండి కింద ఆర్మ్ అనే ఇనుప బద్దకు పట్టి ఉంచే బోల్టు రెండు ముక్కలై ఉంది. తల ముక్క మట్టిలో దొరికింది. చేతిలోకి తీసుకుని విరిగిన చోటు చూశాను. మంచి ఉక్కు విరిగే ముందు కొంచెం సాగుతుంది, వంగుతుంది. ఇది బెల్లం ముద్ద విరిగినట్టు విరిగింది. గరుకుగా, మెరుస్తూ. ఆ బోల్టులు ఏ లాట్‌లో వచ్చాయో, వాటి కాగితం మీద ఎవరి సంతకం ఉందో నాకు తెలుసు.

సంతకం నాదే.

నాది న్యాల్‌కల్ పక్కన ఒక పల్లె. నాయిన జొన్న, కంది వేసేవాడు. నేను డిప్లొమా చదివి, కొన్నేళ్లు ఒక పెద్ద ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేసి, జహీరాబాద్ బయట బ్యాటరీ కార్లు చేసే ఈ చిన్న కంపెనీలో చేరాను. అరవై మందిమి పనిచేసేవాళ్లం. కంపెనీ పెట్టిన ఆయన, నేను చేరిన రెండో ఏడే గుండె ఆగి చనిపోయాడు. మూసేస్తారేమో అనుకున్నాం. ఆయన అన్న వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆ అన్న అంతకు ముందు డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పిన మనిషి. స్పానర్ పట్టిన చెయ్యి కాదు. అందుకే మేమంతా ఆయన్ని లెక్చరర్ సార్ అని పిలిచేవాళ్లం, మొదట్లో వెక్కిరింపుగా, తర్వాత అలవాటుగా.

ప్రతి సోమవారం పని మొదలయ్యే ముందు అరగంట మమ్మల్ని నిలబెట్టి ఒక ప్రశ్న అడిగేవాడు. మీ తప్పు మీ ఒక్కరికే తెలిస్తే అది తప్పేనా? ఒకరికి మేలు చెయ్యడానికి ఇంకొకరికి అబద్ధం చెప్పొచ్చా? మొదట్లో నవ్వుకున్నారు. ప్రొడక్షన్ చూసే భాయ్‌సాబ్ అయితే ముఖం మీదే అనేవాడు, "సార్, క్లాస్ అయిపోతే లైన్ నడుపుకుంటం" అని. కానీ ఆ ప్రశ్నల్లోంచే కొన్ని పద్ధతులు పుట్టాయి. అనుమానం వస్తే ఎవరైనా లైన్ ఆపొచ్చు, ఆపినవాణ్ని ఎవరూ తిట్టకూడదు. ఇంకొకటి నాకు బాగా నచ్చింది. బండి కొన్నవాళ్లకు తెలిస్తే మనం చెయ్యలేని పని, వాళ్లకు తెలియకుండా కూడా చెయ్యొద్దు అని.

నచ్చిందని చెప్పడం తేలికే. ఆ బోల్టులు వచ్చిన వారం గట్టితనం కొలిచే మెషీన్ రిపేరుకు హైదరాబాద్ పోయింది. కొలవకుండా లాట్ లోపలికి రానివ్వకూడదు. సప్లై చేసినవాళ్ల కాగితంలో అంతా సరిగానే ఉంది. బయట లైన్ ఎదురుచూస్తోంది. నన్ను ఎవరూ తొందరపెట్టలేదు, భాయ్‌సాబ్ కూడా ఏమీ అడగలేదు. నేనే "చూశాను, సరే" అని రాసి సంతకం పెట్టేశాను. మెషీన్ రాగానే నాలుగు తీసి కొలుద్దాం అనుకున్నాను. మెషీన్ వచ్చింది. నేను మరిచిపోయాను.

విరిగిన ముక్కలు గుడ్డలో చుట్టుకుని సార్ గదికి వెళ్లేసరికి భాయ్‌సాబ్ అప్పటికే అక్కడ ఉన్నాడు. జహీరాబాద్‌లోనే పుట్టి, లేత్ మెషీన్ మీద పని మొదలుపెట్టి, గడ్డం నెరిసేదాకా ఇనుముతోనే బతికిన మనిషి. నాకు పని నేర్పింది ఆయనే. ముక్కను వెలుగుకు పట్టి చూసి టేబుల్ మీద పెట్టాడు. ఆయనకూ అర్థమైపోయింది.

"ఇవి ఎన్ని బండ్లల్లో పోయినయ్?" సార్ అడిగాడు.

"ఇరవై ఆరు సార్. అన్నీ ఈ చుట్టుపక్కలే ఉన్నయి."

"అన్ని బోల్టులూ ఇట్లాగే ఉంటాయా?"

"చెప్పలేను సార్. కొన్ని మంచివి ఉండొచ్చు. విప్పి కొలిస్తేనే తెలుస్తది."

"వచ్చినప్పుడు కొలిచినప్పుడు ఏమొచ్చింది?"

"సప్లయర్ సర్టిఫికెట్ సరిగ్గనే ఉంది సార్" అన్నాను. ఆయన అడిగింది అది కాదు. భాయ్‌సాబ్ ఒకసారి నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆయనే మాట్లాడాడు. "సార్, జర నా మాట వినుండ్రి. కొత్త బోల్టులు గురువారం వస్తయి. గురువారం సంది ఫ్రీ సర్వీస్ క్యాంప్ అని అందరికీ ఫోన్ చేద్దాం. బండ్లు వస్తయి, బోల్టులు మారుస్తం, పంపిస్తం. ఎవ్వరికీ నష్టం లేదు. ఇప్పుడు ఫోన్ చేసి, బండి నడపకుండ్రి, చక్రం ఊడుతది అంటే ఏమైతది? సాయంత్రంకల్లా జిల్లా అంత తెలుస్తది. కంపెనీ ఉండదు. అరవై ఇండ్లు సార్."

సార్ లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. బయట షెడ్డులో సీట్లు బిగిస్తున్న శబ్దం వినిపిస్తోంది. నేను ఆయన వీపు వైపు చూస్తున్నాను. ప్రతి సోమవారం మమ్మల్ని ప్రశ్నలడిగే మనిషి ఇప్పుడు ఏం చెబుతాడా అని.

"ఆరు రోజుల్లో ఇంకొకటి విరిగితే?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"మనం టెస్టు బండిని గుంతలల్ల ఎత్తేసి కొడుతం సార్. వాళ్లు అట్ల నడపరు" అన్నాడు భాయ్‌సాబ్. అది అబద్ధం కాదు.

"సరే. క్యాంప్ అనే చెప్పండి."

ఆ మాట అంటున్నప్పుడు నా ముఖం చూడలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కలిగింది బాధ కాదు. గుండె మీది బండ దించినట్టు అనిపించింది. క్యాంప్ అంటే పాత కాగితాలు ఎవరూ తియ్యరు.

శనివారం పొద్దున తొమ్మిదింటికి నా గదిలో కూర్చుని బండ్లు కొన్నవాళ్ల లిస్టు ముందు పెట్టుకున్నాను. ఆరు ఫోన్లు సాఫీగా అయిపోయాయి. ఉచితం అనగానే సంతోషపడ్డారు. ఏడోది మొగుడంపల్లి మండలంలో అల్లం పండించే రైతు.

"క్యాంపా? గురువారమైతే వస్త మేడం. మంగళారం, శనివారం మాత్రం కుదరది. మా ఆమెకు డయాలసిస్ ఉంటది, సంగారెడ్డి పోవాలె. ఇగో, ఇప్పుడు గాడికే ఎల్లుతున్నం."

ఆయన్ని నేను ఎరుగుదును. బండి తీసుకునే రోజు భార్యను వెంట తెచ్చి, ఎక్కి దిగడానికి ఆమెకు ఎత్తు సరిపోతుందా అని నాలుగుసార్లు ఎక్కించి దింపి చూసుకున్నాడు. బస్సుల్లో నిలబడి పోలేకపోతోందని ఆ కారు కొన్నాడు.

"మంచిది" అన్నాను. ఫోన్ పెట్టేద్దామనుకుంటుంటే ఆయనే అన్నాడు, "మేడం, ఒకటి అడుగుత. రెండ్రోజుల సంది గుంతల మీద పోతే కుడి దిక్కు కటకట అంటుంది. ఏం ఫికర్ లేదు గద?"

గదిలో ఎవరూ లేరు. ఏం చెప్పాలో నాకు తెలుసు. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"జర మెల్లగ నడపండి. క్యాంప్‌లో చూస్తాం."

"సరే మేడం" అని పెట్టేశాడు.

ఆ తర్వాత నిమిషమో, రెండు నిమిషాలో. కాగితం మీద ఎనిమిదో నంబరు చూస్తూ కూర్చున్నాను, కానీ నంబరు కనిపించలేదు. వెంటనే మళ్లీ ఆయనకే చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. స్టీరింగ్ పట్టుకుంటే ఫోన్ ముట్టనని బండి తీసుకున్న రోజే చెప్పాడు ఆయన. అంత జాగ్రత్త గల మనిషి. ఐదోసారి కూడా మోగి ఆగిపోయాక లేచి సార్ గదికి పరుగెత్తాను.

"సార్, ఒక బండి సంగారెడ్డి పోతుంది. కుడి చక్రం దగ్గర చప్పుడొస్తుందట. లోపల పేషెంటు ఉంది. ఫోన్ ఎత్తుతలేరు."

సార్ టేబుల్ మీది జీపు తాళాలు తీసుకున్నాడు. మెట్లు దిగుతూ నాకిచ్చి, "నువ్వు నడుపు. నేను ఫోన్ చేస్తుంటాను" అన్నాడు.

మొగుడంపల్లి నుంచి వచ్చేవాళ్లు ఎవరైనా జహీరాబాద్ దగ్గరే హైవే ఎక్కాలి. ఆ మలుపు దగ్గర జీపు ఆపాం. చెరకు సీజన్. నిండుగా చెరకు వేసుకున్న ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి, వాటిని దాటుకుంటూ ముంబయి లారీలు. తెల్ల కారు కనిపించినప్పుడల్లా నేను ముందుకు వంగుతున్నాను. ఒకటి వచ్చింది, మాది కాదు. ఇంకొకటి, అదీ కాదు. పది నిమిషాలు గడిచాయి. మేం రాకముందే దాటిపోయారా, ఇంకా వెనకే ఉన్నారా, తెలియదు.

"ఇంకాసేపు చూద్దామా?" అన్నాను.

"దాటిపోయి ఉంటే, మనం నిలబడ్డ ప్రతి నిమిషం వాళ్లు దూరం పోతున్నట్టే. పద" అన్నాడు సార్.

బయల్దేరాం. దారంతా ఆయన ఆ రైతు నంబరు కొడుతూనే ఉన్నాడు. నేను లారీలను దాటుతున్నాను, ప్రతిసారీ ముందు రోడ్డు ఖాళీగా కనబడితే ఒక భయం, పక్కన ఏదైనా బండి ఆగి ఉంటే ఇంకో భయం. ఒకచోట జనం గుంపుగా నిలబడి ఉన్నారు. సార్ చెయ్యి డాష్‌బోర్డు మీద బిగుసుకుంది. దగ్గరికి పోతే బోల్తాపడిన చెరకు ట్రాలీ. మనుషులకు ఏమీ కాలేదు. దాటుకుని పోయాం.

సదాశివపేట ఇంకా చాలా దూరం ఉందనగా కనిపించింది. ఎడమ వరుసలో, చెరకు లారీ వెనక, తెల్ల కారు. నంబరు చూశాను. వాళ్లదే. మెల్లగా పోతోంది.

నా చెయ్యి హారన్ మీదికి పోయింది. సార్ పట్టుకుని ఆపాడు.

"వద్దు. ఉలిక్కిపడి గట్టిగా బ్రేక్ వేస్తాడు. అప్పుడే విరిగితే?"

నిజమే. ముందుకు పోయి అడ్డం పెట్టినా అదే ప్రమాదం. వాళ్ల పక్కకు వచ్చి అదే వేగంతో నడిపాను. వెనక లారీవాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. సార్ అద్దం దించి, అరవకుండా, అరచెయ్యి కిందికి పైకి ఆడిస్తూ మెల్లగా, మెల్లగా అని సైగ చేశాడు. రైతు రోడ్డు మీదే చూపు పెట్టుకున్నాడు. వెనక సీటులో పడుకున్న ఆయన భార్య లేచి మమ్మల్ని చూసింది. నన్ను గుర్తుపట్టింది. ముందుకు వంగి భర్త భుజం తట్టింది. కారు వేగం తగ్గింది, ఇంకా తగ్గింది, మట్టి అంచు మీదికి దిగి ఆగింది. నేను కాస్త ముందుకు పోయి జీపు ఆపాను.

సార్ దిగి చెప్పాడు. ఒక్క మాట దాచకుండా. నిన్న ఒక బోల్టు విరిగిందనీ, ఈ బండిలోనూ అలాంటిదే ఉండొచ్చనీ.

రైతు ముఖం మొదట అర్థంకానట్టు, తర్వాత ఎర్రగా అయింది. నా వైపు తిరిగాడు. "గంట కింద నీతోని మాట్లాడిన కద. చప్పుడొస్తుందని నేనే అడిగిన కద. అప్పుడెందుకు చెప్పలె?"

"చెప్పొద్దని నేనే అన్నాను" అన్నాడు సార్.

నేను ఊరుకుని ఉండొచ్చు. తప్పు తన మీద వేసుకుని ఆయన నాకు తప్పించుకునే దారి ఇచ్చాడు. కానీ ఆ మనిషి నన్నే చూస్తున్నాడు. "అట్ల కాదు. ఆ బోల్టులు పరీక్ష చెయ్యకుండనే సంతకం పెట్టింది నేను. నిన్న సారుకు కూడా చెప్పలేదు" అన్నాను. సార్ మెడ తిప్పి నన్ను చూశాడు. ఆ చూపును ఈ రోజుకూ ఏమని చెప్పాలో నాకు తెలియదు.

ఆమె కారు తలుపు తీసుకుని దిగింది. పాదాలు వాచి ఉన్నాయి. "నాకు టైం అయితుంది. ముందుగాల దవాఖానకు పోదాం. కొట్లాట తర్వాత కొట్లాడుకోండ్రి" అంది, కోపం లేకుండా, అలసటగా.

వాళ్లిద్దరినీ జీపులో ఎక్కించుకుని నేను సంగారెడ్డి పోయాను. సార్ ఆ కారు దగ్గరే నిలబడిపోయాడు. నా లిస్టు అడిగి తీసుకున్నాడు. బండిని ఎత్తుకుపోయే వాహనం వచ్చేదాకా ఆ దుమ్ములో, ఆ ఎండలో, మిగిలిన ఇరవై ఐదు మందికీ ఆయనే ఫోన్ చేశాడు. నేను ఫోన్ చేసిన ఆరుగురికి కూడా. పొద్దున మా వాళ్లు చెప్పింది పూర్తి నిజం కాదు, బండి బయటికి తియ్యకండి అని. మధ్యాహ్నం అయ్యేసరికి అందరికీ తెలిసింది.

భాయ్‌సాబ్ చెప్పినట్టే జిల్లా అంతా కూడా తెలిసింది. సోమవారానికి బుకింగులు ఆగిపోయాయి. రెండు నెలలు లైన్ నడవలేదు. సగం మందిని ఇంట్లో ఉండమన్నారు. వాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. సీట్లు బిగించే అమ్మాయి ఒకసారి కూరగాయల మార్కెట్‌లో ఎదురైంది. పలకరించాను. చేతిలోని వంకాయలు కుప్పలో వేసేసి వెళ్లిపోయింది.

బోల్టులన్నీ విప్పి కొలిపించారు. పెళుసువి కొన్ని ఉన్నాయి. కానీ ఆ రైతు బండిలోవి మాత్రం గట్టివే. కటకటమన్నది చక్రం పైన వదులైన ఒక ప్లాస్టిక్ కవరు.

ఆ రిపోర్టు భాయ్‌సాబ్ నా టేబుల్ మీద పెట్టాడు. "చూడు బేటా. ఆ బండికి ఏం కాకపోయేది. క్యాంప్ పెట్టుకుంటే బోల్టులన్నీ మారిపోయేటివి. ఇప్పుడు ముప్పై మంది ఇంట్ల కూసున్నరు. వాళ్లు మనుషులు కారా?"

ఆయన దుర్మార్గుడు కాడు. ఆ ముప్పై మంది ఇళ్ల పరిస్థితి ఒక్కొక్కటీ ఆయనకు తెలుసు.

ఆ వచ్చే సోమవారం మిగిలిన వాళ్లమంతా నిలబడ్డాం. సార్ ప్రశ్న అడగలేదు. తానే చెప్పాడు. "రిపోర్టు చూశాను. ఆ బండి విరిగేది కాదు. కానీ ఆ రోజు మనకు అది తెలియదు. అది కాదు నేను చెప్పేది. శుక్రవారం నాకు తెలిసిందీ శనివారం తెలిసిందీ ఒకటే, ఒక్క బోల్టు విరిగిందని. శుక్రవారం నాకవి ఇరవై ఆరు బండ్లు. లోపల ఒక మనిషి ఉందని ఈ అమ్మాయి వచ్చి చెబితే తప్ప లేవలేదు. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నాకు అది సిగ్గు." అంతే అని లోపలికి వెళ్లిపోయాడు. ఎవరూ నవ్వలేదు. భాయ్‌సాబ్ లైన్ వైపు నడిచాడు.

నేను రాజీనామా కాగితం ఇచ్చాను. సార్ చదివి తిరిగి ఇచ్చేశాడు. "వెళ్లిపోతే నీకు తేలిక. ఆ మెషీన్ దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి కదా" అన్నాడు. అయితే అప్పటినుంచి నా సంతకం ఒక్కటే సరిపోదు. పక్కన రెండో మనిషి కొలిచి సంతకం పెట్టాలి. మొదటి నెల ఆ రెండో సంతకం చూసినప్పుడల్లా సిగ్గేసేది.

కొత్త బోల్టులు కూడా కొలవాల్సి రావడంతో మార్చడం ఆలస్యమైంది. అన్నాళ్లూ మంగళవారం, శనివారం ఆ రైతు భార్యను సంగారెడ్డి తీసుకుపోయింది నేనే. మొదటి రెండుసార్లు ఆయన వెంట వచ్చాడు గానీ నాతో మాట్లాడలేదు. తర్వాత అల్లం తవ్వే పనిలో పడి ఆమెను ఒక్కదాన్నే పంపాడు. ఆమె కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ కూర్చునేది. ఒకరోజు తిరుగు ప్రయాణంలో, సూది పెట్టిన చేతి మీది పట్టీని అదిమి పట్టుకుని, ఉన్నట్టుండి అంది.

"ఆ పొద్దు నువ్వు మెల్లగ నడపమన్నవంట గద బిడ్డ. ఆయన గట్లనే నడిపిండు. ఎప్పుడు గంత మెల్లగ నడపడు. మేడం చెప్పింది అని నాతోని అన్నడు."

నేను రోడ్డు వైపే చూస్తూ నడిపాను. ఆమె సీటు వెనక్కి వంచమని అడిగి కళ్లు మూసుకుంది.

బోల్టులు మార్చాక కారు ఇంటికి తీసుకెళ్లి ఇస్తే ఆ రైతు వద్దన్నాడు. డబ్బులు వెనక్కి తీసుకుని వేరే కంపెనీ పాత పెట్రోలు కారు కొనుక్కున్నాడు. భాయ్‌సాబ్ ఆ ఏడాది చివర్లో పని మానేసి, కొడుకు పెట్టిన వెల్డింగ్ షాపులో కూర్చుంటున్నాడు. కనిపిస్తే చాయ్ తాగిపొమ్మంటాడు, ఆ సంగతి మాత్రం ఎత్తడు. కంపెనీ నడుస్తోంది. ఇప్పుడు ముప్పై ఎనిమిది మందిమి ఉన్నాం.